రెండింతల బతుకమ్మ

"నూట తొంభై ఎనిమిది ఇంటూ ఐదు..." అంది మిస్ హాలోరన్.

ఆమె ఇంకా ఏదో అనబోతోంది. అప్పటికే లిఖిత చెయ్యి గాల్లో ఉంది. ఎవరూ పిలవకముందే జవాబు కూడా నోట్లోంచి బయటపడింది.

"తొమ్మిది వందల తొంభై."

ఇయర్ ఫైవ్ పిల్లలంతా ఉసూరుమన్నారు. వాళ్లకిది రోజూ ఉండేదే. బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని ఆ స్కూల్లో లిఖితకు 'కాల్క్యులేటర్' అని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా లిఖిత పైకి మొహం చిట్లించేది, లోపల మురిసిపోయేది.

"జవాబు రైటే లిఖితా. కానీ నేను అడగబోయింది అది కాదు," అంది మిస్ హాలోరన్. "లెక్క చేయకుండా, సుమారుగా ఎంత ఉంటుందో చెప్పమని అడగబోయాను."

లిఖిత పక్కన కూర్చున్న శ్రిష్టి మెల్లగా చెయ్యెత్తింది. "నూట తొంభై ఎనిమిది అంటే దాదాపు రెండు వందలు. రెండు వందలు ఐదుసార్లు అంటే వెయ్యి. కాబట్టి వెయ్యికి కొంచెం తక్కువ."

"చక్కగా చెప్పావు. ముందు ఇలా ఒక ఉజ్జాయింపు వేసుకోండి. లెక్కలో ఉన్న వస్తువును కళ్ల ముందు ఊహించుకోండి. అప్పుడు జవాబు ఎక్కడైనా తప్పితే మీకే తెలిసిపోతుంది."

సరైన జవాబు చేతిలో ఉండగా ఈ సుమారులూ దాదాపులూ దేనికి అనుకుంది లిఖిత. "మా డాడీ వీటిని కాకిలెక్కలు అంటాడు," అని శ్రిష్టి చెవిలో గొణిగింది. శ్రిష్టికి ఆ మాట అర్థం కాలేదు. వాళ్ల పెద్దలు ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు మాటలు అక్కడక్కడా మాత్రమే మిగిలాయి.

కాకిలెక్క ఎవరిదో లిఖితకు ఆదివారం ఉదయం పదింటికి గాని తెలియలేదు.

*

లిఖిత ఇంటికి వచ్చేసరికి అమ్మ వైశాలి ఫోన్ పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతోంది. అమ్మ ముఖంలో ఇంత వెలుగు లిఖిత ఈ మధ్య చూడలేదు.

"జనార్దనరావు అంకుల్ ఫోన్ చేసిండు బిడ్డా. ఆదివారం లేక్ కాడ బతుకమ్మ ఆట ఉంది గదా. ఈసారి నడిమిట్ల పెట్టే పెద్ద బతుకమ్మ మనింటి నుంచే పోవాల్నట."

వాళ్లు బ్రిస్బేన్ వచ్చి మూడేళ్లయింది. జనార్దనరావు అంకుల్ నడిపే తెలుగు అసోసియేషన్‌లో అందరూ ఒకరికొకరు పాతవాళ్లు. అమ్మ ప్రతి ఏడూ చిన్న బతుకమ్మను పేర్చుకుని వెళ్లి, ఒక చివర నిలబడి ఆడి వచ్చేది. పెద్ద బతుకమ్మ చుట్టూ అందరూ వలయాలుగా తిరుగుతారు. అది లేకపోతే ఆటే మొదలుకాదు. ఆ పని అమ్మకు అప్పగించారంటే చిన్న విషయం కాదు.

"గ్రూప్‌ల గూడ పెట్టేసిండు. వైశాలిగారు రెండడుగుల బతుకమ్మ తెస్తున్నరు అని," అంది అమ్మ.

"అంటే రెండు స్కేళ్లు," అంది లిఖిత. తన స్కూలు స్కేలు పొడవు ఒక అడుగు. పోయినేడు బతుకమ్మ సరిగ్గా ఆ స్కేలంత ఎత్తు ఉంది. కింద వెడల్పు కూడా అంతే.

మర్నాడు శనివారం పొద్దున పక్కింటి ప్రేమిల ఆంటీ వచ్చింది. ఆమె శ్రిష్టి వాళ్లమ్మ. వెనక పెరట్లో బంతులు విరగబూసి ఉన్నాయి. జూలైలో అమ్మ గరాజ్‌లో ట్రేలు పెట్టి మొలకెత్తించిన మొక్కలవి. సెప్టెంబర్ సెలవుల్లో వీళ్లు రెండు వారాలు ఊరెళ్తే, రోజూ వచ్చి నీళ్లు పోసింది ప్రేమిల ఆంటీయే.

"మా గుడిలో కూడా నవరాత్రి పూజ ఉంది వైశాలీ. మీకు ఎక్స్‌ట్రా పూలు ఉంటే దేవికి మాలలు కడతాము. లేకపోతే నో వర్రీస్," అంది ఆంటీ మొహమాటంగా.

ఐస్‌క్రీమ్ డబ్బాలతో కొలిస్తే పెరట్లో పన్నెండు డబ్బాల పూలు ఉంటాయి. సరిగ్గా అప్పుడే అమ్మకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ చేత్తో మూసి అమ్మ లిఖిత వైపు తిరిగింది.

"పోయినేడు మూడు డబ్బాల పూలు పట్టినయ్. ఈసారి ఎన్ని పడుతయ్ బిడ్డా? మిగిలినయ్ ఆంటీకిద్దం."

"సింపుల్ మమ్మీ. డబుల్ సైజ్ అంటే డబుల్ పూలు. త్రీ టూస్ ఆర్ సిక్స్." లిఖిత కన్నార్పేలోగా చెప్పేసింది. "మనకు ఆరు చాలు. ఆంటీకి ఆరు ఇచ్చెయ్యొచ్చు."

"చూశావా, నీ బిడ్డ బ్రెయిన్ ఎంత ఫాస్టో," అంది ప్రేమిల ఆంటీ.

లిఖితా శ్రిష్టీ కలిసి ఆరు డబ్బాల నిండా పూలు కోశారు. సాయంత్రానికి అవి మాలలై గుళ్లో అమ్మవారి మెడలోకి చేరిపోయాయి.

*

ఆదివారం పొద్దున స్నానాలు అయ్యాక, వెనక వరండాలో అమ్మ పెద్ద తాంబాలం పెట్టింది. దాని మీద గుమ్మడి ఆకులు పరిచింది. పూలు చుట్టూ వరసలుగా వస్తాయి. మధ్యలో ఆకులు కూరుతారు. ఆకులు తేవడం నాన్న విఠల్ పని, పూలు అందించడం లిఖిత పని.

మొదటి వరస పూర్తికాకముందే ఒక డబ్బా ఖాళీ అయింది.

లిఖిత ఆశ్చర్యపోయింది. అన్నిటికంటే కింది వరసే కదా పెద్దది, పైకి పోయేకొద్దీ తగ్గుతుందిలే అని సర్దిచెప్పుకుంది. రెండో వరస అయ్యేసరికి రెండో డబ్బా అడుగంటింది, మూడో డబ్బా మొదలైంది. మూడో వరసకు లిఖిత చేతులు నెమ్మదించాయి. ఐదో వరస అయ్యేసరికి చివరి డబ్బాలో ఇరవై పూలు ఉన్నాయి.

"అందియ్యి బిడ్డా," అంది అమ్మ, తల ఎత్తకుండా చెయ్యి చాపి.

లిఖిత కదల్లేదు.

"అందియ్యవేం?"

"ఇంతే ఉన్నాయి మమ్మీ."

అమ్మ తల ఎత్తింది. ఖాళీ డబ్బాలను చూసింది. బతుకమ్మను చూసింది. నాన్న ఆకుల సంచి కింద పెట్టి, లిఖిత స్కేలు తెచ్చి నిలబెట్టి చూశాడు. ఇరవై సెంటీమీటర్లు. కావలసింది అరవై.

ఆట నాలుగింటికి. అప్పుడు టైము పది.

లిఖిత లెక్క మళ్లీ మొదటినుంచి చేసింది. మూడు రెళ్లు ఎంత? ఆరు. మళ్లీ చేసింది. ఆరు. వేళ్ల మీద కూడా చేసింది. ఎన్నిసార్లు చేసినా ఆరే వస్తోంది. ఎక్కడా తప్పులేదు. పూలు మాత్రం అయిపోయాయి. లెక్క రైటయ్యుండి కూడా ఇలా మోసం చేస్తుందని ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు.

మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పారిపోయింది. ఫ్రిజ్ మీద పోయినేటి బతుకమ్మ ఫోటో అంటించి ఉంది. లిఖిత దాన్ని ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది. అడుగు వరసలో ముందు వైపు పన్నెండు పూలు కనిపిస్తున్నాయి. వెనకవి కూడా కలిపితే ఇరవై నాలుగు. ఇవాళ అడుగు వరసకు నలభై ఎనిమిది పట్టాయి. సరే, అది డబులే.

ఫోటోలో వరసలు లెక్కపెట్టింది. ఎనిమిది. రెండింతల ఎత్తు కావాలంటే పదహారు వరసలు వెయ్యాలి. అది కూడా డబులే.

"చుట్టూ డబుల్. పైకి కూడా డబుల్," అని గొణుక్కుంది.

కళ్లు కిందికి వాలాయి. వంటింటి నేల మీద తెల్లటి చదరపు టైల్స్ ఉన్నాయి. ఒక టైల్ మీద కాలు పెట్టింది. దీన్ని రెండింతలు వెడల్పూ రెండింతలు పొడవూ చేస్తే? పక్కకు రెండు, ముందుకు రెండు. రెండు టైల్స్ కాదు, నాలుగు. అంత పెద్ద విషయం ఇన్నాళ్లూ తన పాదాల కిందే పరిచి ఉంది.

మూడు డబ్బాలు నాలుగుసార్లు. పన్నెండు.

పెరట్లో పూసినవీ పన్నెండే. సరిగ్గా సరిపోయేవి. అందులో సగం తనే కోసి, తనే డబ్బాలకు ఎత్తి ఇచ్చేసింది.

లిఖిత అలాగే నేల మీద కూలబడింది. బయట నాన్న గొంతు వినిపిస్తోంది.

"రాత్రి చెట్టు మీది పాసమ్ దిగొచ్చి తిన్నదేమో వైశాలీ. పోయిన నెల గులాబీలన్నీ అదే గదా తిన్నది."

"అయ్యుండొచ్చు. ఆరు డబ్బాలు సరిపోవాలె మరి. లిఖిత లెక్క ఎన్నడు తప్పది," అంది అమ్మ.

పాసమ్ మీదికి నెట్టేస్తే ఎవరికీ తెలియదు. పాసమ్ వచ్చి కాదని చెప్పదు. కాల్క్యులేటర్ అన్న పేరు తనకే ఉంటుంది. ఒక్క క్షణం ఆ ఆలోచన ఎంతో హాయిగా అనిపించింది. మరుక్షణం, అమ్మ తన లెక్కను అంత నమ్మినందుకు తనకే సిగ్గేసింది.

బయటికొచ్చి నిలబడింది.

"పాసమ్ కాదు డాడీ. నేనే. నా లెక్కే తప్పు." ఏడుపు ఆపుకుంటూ టైల్స్ సంగతి చెప్పింది. "ఆరు కాదు మమ్మీ, పన్నెండు కావాలి. మిగతావి నేనే ఇచ్చేశాను. ఇప్పుడు అందరూ నిన్నే అంటారు."

అమ్మ ఖాళీ డబ్బాలను ఒకదాంట్లో ఒకటి పేర్చింది.

"నన్ను అననీ," అంది అమ్మ. "నేనన్న ఒక్క నిమిషం ఆలోచించిన్నా? ఇన్నేండ్ల సంది పేరుస్తున్న గదా. నువ్వు గంత ధీమాగ చెప్పేసరికి నిజమే అనుకున్న."

"ఆంటీని అడిగి వెనక్కి తేనా?"

"దేవికి పెట్టినయ్ అడుగుతమా బిడ్డా?"

"మరి ఏం చేద్దాం?"

అమ్మ కళ్లు తుడుచుకుంది. ఏడ్చింది తనొక్కతే కాదని లిఖితకు అప్పుడు తెలిసింది. అమ్మ పెరటి గోడ మీదుగా వీధి వైపు చూసింది. అక్టోబర్ నెల. వీధి పొడుగునా జాకరండా చెట్లు ఊదారంగు పూలతో నిండి ఉన్నాయి. ఎదురింటి ముందు బాటిల్‌బ్రష్ చెట్టు ఎర్రటి కుచ్చులతో విరగబూసింది.

"మా ఊర్ల తంగేడు, గునుగు ఎవరన్న నాటిన్రా?" అంది అమ్మ మెల్లగా. "ఆడాడ పూసినయే తెంపుకొచ్చేటోళ్లం. బతుకమ్మకు ఏ ఊరి పూలైనా ముద్దే. గని గిన్ని పూలు ఏడికెల్లి వస్తయ్? ఎన్ని కావాలె?"

లిఖిత నోరు తెరిచింది. ఏదో అంకె నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి బతుకమ్మ ముందు కూర్చుంది.

ఇంకా పదకొండు వరసలు. ఇప్పుడు వేసేదానికి ముప్పై ఎనిమిది పట్టొచ్చు. చిట్టచివరిదానికి పదహారు. నడిమి వరసకు ఇరవై ఏడు అనుకుందాం. ఇరవై ఏడు పదిసార్లు రెండు వందల డెబ్భై. ఇంకొక్కసారి కలిపితే మూడు వందలకు మూడు తక్కువ.

"సుమారుగా మూడు వందలు," అంది. ఆ మాట తన నోట రావడం తనకే విచిత్రంగా ఉంది. "చేతిలో ఇరవై ఉన్నాయి, అయినా మూడు వందలే అనుకుందాం. కొన్ని నలుగుతాయి కదా."

*

"పార్కు చెట్లు ముట్టుకోవద్దు, అవి కౌన్సిల్‌వి. ఇండ్లల్ల అడిగి తెచ్చుకుందాం," అన్నాడు నాన్న.

బతుకమ్మను చూడ్డానికి వచ్చిన శ్రిష్టి సంగతి విని నోరు వెళ్లబెట్టింది. "కాల్క్యులేటర్‌కి తప్పు వచ్చిందా?"

"వచ్చింది," అంది లిఖిత. ఒప్పుకుంటే ప్రాణం తేలికపడింది. "వీధిలో ఇరవై నాలుగు ఇళ్లున్నాయి. సగం మంది బయటికెళ్లి ఉంటారు. పన్నెండు ఇళ్లు. ఇంటికి పాతిక పూలు దొరికితే మూడు వందలు."

"జాకరండా పువ్వు చిన్నది కదా. దాన్ని ఒకటి అనాలా?" అని అడిగింది శ్రిష్టి.

మంచి ప్రశ్నే. నిన్నటి లిఖిత అయితే చటుక్కున ఏదో ఒకటి చెప్పేసేది. ఇప్పుడు తమ గేటు లోపలికి వాలిన జాకరండా కొమ్మ నుంచి ఒక గుత్తి కోసి, నేల మీద పెట్టి, దాని పక్కన బంతిపూలు పేర్చి చూసింది. మూడు పూల చోటు ఆక్రమించింది ఆ గుత్తి.

"ఒక గుత్తి మూడు బంతులతో సమానం. ఇంటికి ఎనిమిది గుత్తులైనా చాలు."

తలుపులు కొట్టారు. నాన్న వెనక నిలబడ్డాడు, మాట్లాడింది పిల్లలే. మొదటి నాలుగు ఇళ్లలో ఎవరూ తలుపు తీయలేదు. ఐదో ఇల్లు కెన్ తాతది. ఎప్పుడు చూసినా లాన్ కోస్తూ కనిపించే మనిషి. పిల్లల మీద చిరాకు పడతాడని వీధిలో పేరు.

"పూలా? దేనికి?" అన్నాడు కెన్ తాత మెషీన్ ఆపి.

లిఖిత ఉన్నదున్నట్టు చెప్పింది. తన తప్పు లెక్కతో సహా.

ఆయన కాసేపు ఆమెను ఎగాదిగా చూశాడు. అంత చిరాకు మనిషి పెద్దగా నవ్వడం చూసి పిల్లలిద్దరూ బిత్తరపోయారు. "నేను నలభై ఏళ్లు వడ్రంగం చేశాను మేట్. ఇదే పొరపాటుతో ఒకసారి పెరటి డెక్‌కు కావలసిన చెక్కలో సగమే కొన్నాను. పట్టండి ఆ నిచ్చెన."

బాటిల్‌బ్రష్‌లు అరవై, జాకరండా గుత్తులు ఇరవై. ఒక్క ఇంట్లోనే.

పన్నెండు తలుపులు తెరుచుకుంటాయనుకుంటే తొమ్మిదే తెరుచుకున్నాయి. రెండిళ్లలో పూలే లేవు. మూడిళ్లలో అనుకున్నదానికంటే ఎక్కువ ఇచ్చారు. సుమారు అంటే ఇటూ అటూ ఉంటుందని లిఖితకు మొదటిసారి అర్థమైంది.

మధ్యాహ్నం మూడు దాటాక ఆఖరి పువ్వు పెట్టింది అమ్మ. పదహారు వరసలు కాలేదు, పద్నాలుగే. పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ పెట్టేసరికి స్కేలు చూపించింది యాభై తొమ్మిది. కింద పసుపూ నారింజా బంతులు, వాటి మీద ఎర్రటి వరసలు, ఆ పైన ఊదారంగు. అలాంటి బతుకమ్మను అమ్మ కూడా పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడలేదు.

"లోపలికి ఎన్ని సంచుల ఆకులు పట్టినయో తెలుసా?" అన్నాడు నాన్న నడుం పట్టుకుని. "పోయినేడు ఒక్కటి. ఈసారి ఎనిమిది."

లిఖిత కళ్లు తేలేసింది. పక్కకు రెండు, ముందుకు రెండు, పైకి రెండు. లోపలి సంగతి తనకు తట్టనే లేదు.

*

లేక్ పక్కన గడ్డి మీద పెద్ద బతుకమ్మను దించగానే మాటలు ఆగిపోయాయి. అమ్మ లిఖిత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జాకరండాతోని బతుకమ్మనా?" అంది సీతారావమ్మ ఆంటీ. ఆమె అసోసియేషన్‌లో అందరికంటే పెద్దది, తేలిగ్గా దేన్నీ మెచ్చుకోని మనిషి. ముక్కు మీద వేలేసుకుని బతుకమ్మ చుట్టూ ఒకసారి తిరిగివచ్చింది. "ఇన్నేండ్ల సంది ఈ చెట్ల కిందనే ఆడుతున్నం. ఒక్కనాడన్న తోచలేదు మనకు."

అంతే, చప్పట్లు మొదలయ్యాయి. అమ్మ ఈసారి చివర నిలబడలేదు. మొదటి వలయంలో, గౌరమ్మకు ఎదురుగా ఆడింది. ప్రేమిల ఆంటీ కూడా వచ్చింది. శ్రిష్టి దారిలో అంతా చెప్పేసినట్టుంది, ఆమె లిఖితను దగ్గరికి తీసుకుని "నాకు ఒక్క మాట చెప్పలేదేం బేటా?" అంది.

ఆట ఆగాక జనార్దనరావు అంకుల్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "వచ్చే ఏడు మూడడుగులు చేద్దాం వైశాలిగారూ. ఏమ్మా కాల్క్యులేటర్, ఎన్ని డబ్బాల పూలు పడుతయ్? టక్కున చెప్పు."

చుట్టూ ఉన్నవాళ్లంతా లిఖిత వైపు తిరిగారు. మూడు మూళ్లు తొమ్మిది అని ఎవరో పిల్లాడు వెనకనుంచి అందించాడు కూడా.

లిఖిత గడ్డి మీద మోకాళ్ల మీద కూర్చుని, రాలిన జాకరండా పూలు ఏరి ఒక్కొక్కటే పేర్చసాగింది. పక్కకు మూడు. దాని కింద మూడు. దాని కింద ఇంకో మూడు. అంకుల్ గడియారం చూసుకున్నాడు. లిఖిత తొందరపడలేదు.

"తొమ్మిది గళ్లు. గడికి మూడు డబ్బాలు," అంది చివరికి. "ఇరవై ఏడుకి దగ్గర. నలిగేవాటికి ఇంకో మూడు. సుమారుగా ముప్పై."

"ముప్పయ్యా?" అన్నాడు అంకుల్ అదిరిపడి.

"ఉండండి అంకుల్, అవ్వలేదు." లిఖిత ఇంకా ఆరు పూలు ఏరింది. తొమ్మిది గళ్లకు పక్కన, కొంచెం ఎడంగా, వాటిని వరసగా పెట్టింది. ప్రేమిల ఆంటీ వైపు ఒకసారి చూసింది.

"ఇవి గుడికి. ఇవి ముందే తీసి పెట్టాలి. మొత్తం ముప్పై ఆరు డబ్బాలకు మొక్కలు నాటాలి మమ్మీ."

అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.